పేరు చేర్చి చదివిన కీర్తన

మా అమ్మకు చదువు రాదు. అయినా నెలకోసారి కీర్తనల గ్రంథం మొత్తం పూర్తి చేసేది. ఇందులో వింత ఏమీ లేదు. కీర్తనలు నూట యాభై, నెలకు ముప్పై రోజులు, రోజుకు అయిదు. నాయన పోయిన కొత్తల్లో అమ్మ పలకడం మానేస్తే మా పాస్టరయ్యగారు చెప్పిన లెక్క ఇది. చదవాల్సింది నేను, వినాల్సింది అమ్మ. ఒకటో తారీకున ఒకటి నుంచి అయిదు, రెండో తారీకున ఆరు నుంచి పది, అట్లా. ముప్పై ఒకటో తారీకు వచ్చిందంటే ఇద్దరికీ సెలవు.

నేను ఉండేది మార్కాపురంలో. దగ్గర్లోని ఒక పల్లె బడిలో టీచరు ఉద్యోగం. అమ్మ త్రిపురాంతకం దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. మిరప కోతలు ఉన్నన్నాళ్ళు కోతలకు, లేనప్పుడు దొరికిన కూలికి పోతుంది. కాబట్టి మా కీర్తనలు ఫోనులోనే నడిచేవి. పొద్దున అయిదున్నరకు నేను ఫోను చేస్తే అమ్మ దాన్ని ఒక ఖాళీ గిన్నెలో పెట్టేది. గిన్నెలో పెడితే గొంతు పెద్దగా వస్తుందని ఎవరో చెప్పారట. ఒళ్ళో బైబిలు పెట్టుకుని, దాన్ని తెరవకుండా, దాని మీద రెండు చేతులూ పెట్టి వినేది. ఒక్కో కీర్తన అయిపోగానే "ఆమేన్" అనేది. ఆ మాట వినపడేదాకా నేను రెండో కీర్తనకు పోకూడదు. ఒకసారి బడికి ఆలస్యమవుతోందని ఆగకుండా చదువుకుంటూ పోతే ఫోనులోనే కేకలేసింది. "చదివినోళ్ళది నోరే. ఆమేన్ అన్నోళ్ళదే ప్రార్థన. నా ప్రార్థన నన్ను చేసుకోనీ" అంది.

అప్పటి నా భక్తి సంగతి దాచడం ఎందుకు. పొయ్యి మీద అన్నం, పక్కన పిల్లల టిఫిను డబ్బాలు, మధ్యలో కీర్తనలు. రేషను షాపులో పేర్లు పిలిచినట్టు చదివేదాన్ని. ఇరవై నాలుగో తారీకు వస్తుందంటే గుండె గుభేలుమనేది. ఆ రోజు వంతులో నూట పంతొమ్మిది ఉంటుంది, ఎంత చదివినా తరగదు. మా తమ్ముడు దాన్ని శ్రీశైలం ఘాటు అనేవాడు. ఇరవై నాలుగున నాకు తప్పకుండా ఫోను చేసి, "అక్కా, ఘాటు దిగినావా, ఇంకా మలుపుల్లోనే ఉన్నావా?" అని అడిగేవాడు.

తమ్ముడు నాకంటే పదేళ్ళు చిన్న. పెళ్ళి కాలేదు. దోర్నాలలో శ్రీశైలం పోయే బస్సులు ఆగే ఒక హోటల్లో టీ మాస్టరు. వాడికి చర్చి పట్టేది కాదు, కీర్తనలు అసలే పట్టేవి కావు. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చి, అమ్మ పక్కన పడుకుని, ఫోనులో నా గొంతు వినపడగానే దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడట. అమ్మ ఆ సంగతి నాకు ఫిర్యాదులాగా చెప్పేది కానీ, చెప్పేటప్పుడు నవ్వు ఆపుకునేది కాదు.

ఒంటిపూట బడులు పెట్టిన కొత్త. పదకొండు గంటలవుతోంది. తమ్ముడి నంబరు నుంచి ఫోను వచ్చింది. "ఏందిరా, ఈ టైములో పని లేదా?" అన్నాను తీసి తీయగానే. అవతల వేరే మగ గొంతు. "మేడం, ఈ ఫోను ఎవరిది? మీకేమైతారు?" అని అడిగాడు. "మా తమ్ముడిది. పోగొట్టుకున్నాడా?" అన్నాను. అంటే, నా తమ్ముడు రోడ్డు మీద పడి ఉంటే నేను ఫోను గురించి అడిగాను. నేను "హలో, హలో" అంటూనే ఉన్నాను. ఎదురుగా రెండో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెప్తున్నారు. వాళ్ళను ఆపమనాలని కూడా తోచలేదు నాకు.

జరిగింది ఇది. హోటలుకు ఎదురుగా, రోడ్డు అవతల, బస్సు ఒకటి ఆగింది. దిగలేని ముసలివాళ్ళెవరో టీ అడిగితే వీడు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటాడు. ఘాటు దిగి వస్తున్న కారు ఒకటి గుద్దింది. అది బాడుగ కారు. డ్రైవరుకు రెండు రోజులుగా నిద్ర లేదు, యాత్రికుల్ని దింపడం, మళ్ళీ ఎక్కించుకోవడం. కునుకు పట్టింది. అంతే. ఇందులో ఇంకేమీ లేదు. ఇంకేదో ఉండాలని నేను చాలా రోజులు వెతికాను. ఒక మనిషి పోవడానికి ఇంత చిన్న కారణం సరిపోతుందని నమ్మబుద్ధి కాలేదు.

మూడో రోజు మా ఇంట్లో ఓదార్పుకని ఆదరణ కూడిక పెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఇరవై మూడో కీర్తనే ఎత్తుకున్నారు. మంచి కాపరి, పచ్చిక, నీళ్ళు. ఒక్కరి నోటి నుంచీ ఇంకో మాట రాలేదు. వాళ్ళది తప్పు కాదు, మా వైపు చావు ఇంట్లో అదే చదువుతారు. కానీ ఆ రోజు నాకు ఆ పచ్చికను చూస్తే మండిపోయింది. ప్రతి ప్రార్థన తర్వాతా అందరూ ఆమేన్ అన్నారు, అమ్మ ఒక్కతే అనలేదు. పెదవులు గట్టిగా బిగించుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున నేను పక్కనే కూర్చుని ఆ రోజు వంతు తెరిస్తే "వద్దు" అంది. ఆ తర్వాత నెలన్నర దాకా మా ఇంట్లో కీర్తన చదవలేదు. నాయన పోయాక మొదలైన చదువు ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇట్లా ఆగలేదు.

వేసవి సెలవులు ఇచ్చాక పిల్లల్ని వాళ్ళ నాన్న దగ్గర వదిలి నేను ఊరికి వెళ్ళి అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మ కూలికి పోవడం మానేసింది. ముద్ద పెడితే రెండు మెతుకులు కెలికి చెయ్యి కడుక్కునేది. గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. పోలీసులు ఇచ్చిన ఎఫ్ఐఆర్ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. నా చేత అది ఒకటికి పదిసార్లు చదివించుకుంది. అందులో డ్రైవరు పేరు ఉంది. బైబిల్లో ఉన్న పేరే. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరును రెండుసార్లు చదివాను. "మనోడేనా?" అంది అమ్మ. ఊరు గిద్దలూరు వైపు ఒక పల్లె. మనోడే.

ఒక పొద్దున నేను వాకిట్లో కళ్ళాపి చల్లి వచ్చి వసారాలో కూర్చుంటే, అమ్మ తనే బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"పాపా, ఇరవై రెండో తారీకున ఒక కీర్తన వస్తాదే. నూనె మాదిరి ఎముకల్లోకి దిగేది. అది చదువు."

"ఇవాళ ఎనిమిదో తారీకమ్మా."

"వాడు పోయినకాడ్నుంచి నాకు రోజూ ఇరవై రెండే."

ఇరవై రెండో తారీకు వంతు నూట ఆరు నుంచి నూట పది. నేను వెతుక్కుంటూ పోయి నూట తొమ్మిదిలో ఆగాను. అదే. చదవడం మొదలుపెట్టాను. నాలుగైదు వచనాలు పోయాక తెలిసింది. అది ప్రార్థన కాదు, శాపం. రాసినవాడు తన శత్రువు ఆయుష్షు తగ్గించమంటున్నాడు. వాడి పెళ్ళాన్ని విధవను చెయ్యమంటున్నాడు, వాడి పిల్లలు తండ్రి లేనివాళ్ళై అడుక్కుతినాలంటున్నాడు. వాళ్ళ మీద ఎవరూ జాలి పడకూడదట. వచ్చే తరానికి వాడి పేరే మిగలకూడదట. ఇదంతా దేవుడికి చెప్తున్నాడు, ఒక్క మాట కూడా నములుకోకుండా.

నేను చదువు ఆపి పేజీ వైపు చూస్తూ ఉండిపోయాను. ఇదే కీర్తనను పదకొండేళ్ళుగా, నెలకోసారి, అన్నం పొంగుతుంటే గరిటె తిప్పుతూ చదివాను. అవతల అమ్మ ఆమేన్ అంది. ఎవడో ముక్కూ మొహం తెలియని వాడి పిల్లలు దిక్కులేనివాళ్ళు కావాలని మేమిద్దరం నెలనెలా దేవుణ్ణి అడిగాం, అడిగి అమ్మ కూలి ఆటోకూ నేను బడికీ పోయాం. నేను విననే లేదు. అమ్మ మాత్రం విన్నది. అక్షరం రాని మనిషి ఎక్కడ ఏముందో గుర్తు పెట్టుకుంది.

"ఆపినావేం? చదువు" అంది.

చివరిదాకా చదివాను. నెలన్నర తర్వాత మా ఇంట్లో మళ్ళీ ఆమేన్ వినపడింది. దానికి సంతోషపడాలో భయపడాలో నాకు అర్థం కాలేదు.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. మంచి వాగ్దానం ఏదైనా వస్తే పాస్టరయ్యగారు "ఇక్కడ మీ పేరు చేర్చుకుని చదవండి" అంటారు. అందరూ గొణుగుతూ తమ తమ పేర్లు చేర్చుకుంటారు. కొడుకు పరీక్షకు పోతే కొడుకు పేరు, మనవరాలికి జ్వరమొస్తే మనవరాలి పేరు. మా వాళ్ళకు దేవుడి మాట అంటే, ఎవరి పేరు చేరిస్తే వాళ్ళకు అందుతుందని లెక్క. రెండో రోజు నేను నూట తొమ్మిది తెరవగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"వాడు అని వచ్చినకాడల్లా పేరు చేర్చి చదువు."

"ఎవరి పేరు?" అన్నాను, తెలిసీ.

అమ్మ బైబిల్లోంచి ఎఫ్ఐఆర్ కాగితం బయటికి తీసి నా ముందు పెట్టింది.

నేను టీచరును. బడిలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటే చెవి మెలేసేదాన్ని. ఆ రోజు నేను వద్దమ్మా అని ఉండాల్సింది. అనలేదు. పేరు చేర్చి చదివాను. ఇంకా చెప్పాలంటే, నాకు బాగుంది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి నా నోటి నుంచి దేవుడి ఎదుట నిజం రావడం. పచ్చికల దగ్గరా నీళ్ళ దగ్గరా నాకు నిలబడే చోటు దొరకలేదు. ఇక్కడ దొరికింది. నా కడుపులో ఉన్న కుళ్ళంతా ఎప్పుడో ఎవరో ముందే రాసిపెట్టారు, దాన్ని తీసెయ్యకుండా పుస్తకంలో ఉంచారు. దేవుడి ముందు ఇంత మురికి విప్పి పరచవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. చదువుతూ చదువుతూ ఏడ్చాను. ఆదరణ కూడికలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

కానీ నాకు ఏడిస్తే తగ్గేది, అమ్మకు తగ్గేది కాదు. రోజూ అదే. వేరే కీర్తన తెరిస్తే మొదటి మాటకే పట్టేసేది. "అది కాదు" అనేది. చదివించుకున్నాక ఇక ఆ రోజుకు మాట ఉండేది కాదు, తిండి ఉండేది కాదు, వసారాలో గోడకు ఆనుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. నాలుగో రోజుకు నాకు భయం పుట్టింది. తమ్ముడు ఒక్క క్షణంలో పోయాడు. అమ్మ నా కళ్ళముందే, నా గొంతు వింటూనే, కొంచెం కొంచెంగా పోతోంది. పోనిస్తున్నది నేనే. ఆ కీర్తన చదవడం మానేస్తే నా మొహం చూడదు, మానకపోతే మనిషి దక్కదు. పాస్టరయ్యగారితో చెబుదామనుకున్నాను. ఏమని చెప్పను, బైబిలు చదువుతున్నామని చెప్పనా?

అయిదో రోజు పొద్దున ఎనిమిదిన్నర దాటింది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మేం చదువు మొదలుపెట్టగానే వాకిట్లో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. నీలం చీర, చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట, బుట్టలో బైబిలు జిప్పు కవరు. మేం చదువుతున్నామని చూసి మాట్లాడకుండా చెప్పులు విడిచి, చెంగు తల మీదికి లాక్కుని, వసారాలో గోడ పక్కన కూర్చుంది. మా వైపు వాక్యం చదువుతుంటే వచ్చినవాళ్ళెవరైనా అంతే. నడిమధ్యలో పలకరించరు, ఎవరని అడగరు. చదువు అయ్యాక ఆమేన్ చెప్పి, ఆ తర్వాతే మాటలు. పరామర్శకు వచ్చిన ఏదో సంఘంవాళ్ళనుకున్నాను. అట్లాంటివాళ్ళు అప్పటికి చాలామంది వచ్చి పోయారు.

నేను చదివాను. పేరు రావాల్సిన చోటల్లా పేరు చేర్చాను. కొత్త మనిషి ఉందని గొంతు కూడా తగ్గించలేదు. ఇంకొంచెం పెంచానేమో. ఫలానావాడి రోజులు తగ్గాలి. ఫలానావాడి భార్య విధవ కావాలి. ఫలానావాడి బిడ్డల మీద జాలిపడేవాళ్ళు ఉండకూడదు. పుస్తకంలోంచి తల ఎత్తలేదు నేను. ఎత్తి ఉంటే ఆపేసి ఉండేదాన్నేమో, తెలియదు.

అయిపోయింది. అమ్మ "ఆమేన్" అంది. వచ్చినామె అనలేదు.

అమ్మకు ఇలాంటివి పట్టింపు. మా ఇంట్లో చదువు విన్న మనిషి ఆమేన్ అనకుండా లేవకూడదు. తల తిప్పి ఆమెను చూసింది.

"ఏందమ్మా, ఆమేన్ అనవే? మీరు మనోళ్ళు కాదా?"

"మనోళ్ళమే అక్కా" అంది ఆమె. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. "ఆ పేరు నేను పెట్టిందే."

నాకు ముందు అర్థం కాలేదు. ఏ పేరు అని అడగబోయాను కూడా. అర్థమయ్యేసరికి నా చూపుడు వేలు ఇంకా ఆ పేజీ మీదే ఉంది, దాన్ని తీసుకోవడానికి కూడా చేత కాలేదు. ఆమె ఎదుట, ఆమె కొడుకును, వాడి పేరు పెట్టి, వినబడేట్టు, ఒక్కో శాపమూ నిదానంగా చదివి వినిపించాను. ఆమె మొదటి మాట నుంచి చివరి మాట దాకా లేవకుండా కూర్చుని విన్నది. మధ్యలో లేవకూడదు కాబట్టి లేవలేదు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

సిగ్గు వేస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. "రాజీకి వచ్చినారా?" అన్నాను విసురుగా. "కేసు సంగతి కోర్టులో మాట్లాడుకోండి. ఇంటిమీదికి రావద్దు."

"రాజీకి కాదమ్మా. కేసు ఎట్ల పోతాదో పోనీ" అంది ఆమె. నన్ను చూడలేదు, అమ్మనే చూస్తోంది. "వాడు బెయిలు మీద వచ్చినకాడ్నుంచి గడప దాటలా. అన్నం ముట్టడంలా. మొన్న మిరపచేలోకి తెచ్చిన పురుగుల మందు డబ్బా పట్టుకోని కూసున్నాడు, కోడలు చూసి గుంజుకునింది. గ్లాసులు పగిలిన సప్పుడు ఇనపడతాందంట వానికి. అక్క కాళ్ళ మీద పడి ఒక్క మాట అడుగుదామని మొదటి బస్సుకు వచ్చినా. ఏమని అడగాల్నో బస్సులో అంతా అనుకుంటానే వచ్చినా."

అమ్మ ఆమె బుట్టలోని బైబిలు వైపు చూసింది.

"నీ చదువు తప్పని నేను అననక్కా. నీ బిడ్డ పోయినాడు. అది బైబిల్లో ఉండే మాటే, నువ్వు ఆమేన్ అన్నావు. నన్ను కూడా అనమంటే అంటా."

ఆమె ఆ మాట దెప్పడానికి అనలేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఇంట్లో వాక్యం చదివారు, తను విన్నది, ఇంటి పెద్ద ఆమేన్ అనమని అడిగింది. అది కూడా ఇవ్వకపోతే ఇంకేం ఇవ్వగలనని అనుకుందేమో. రెండు చేతులూ జోడించింది, కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది.

అమ్మ ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. గోడ పట్టుకోకుండా లేవలేని మనిషి, ఒక్క ఊపున పోయి ఆమె ముందు మోకాళ్ళ మీద పడి, అరచెయ్యి ఆమె నోటికి అడ్డంగా పెట్టింది. గట్టిగా, ఆమె తల గోడకు తగిలేట్టు.

"అనొద్దు" అంది. "నువ్వు తల్లివి. నువ్వంటే ఆయన ఇంటాడు."

ఆ చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంది. నేను కూర్చున్న చోటునుంచి కదల్లేదు. తన ఆమేన్ పైకి చేరాలని అన్నం మానుకుని కూర్చున్న మనిషి, ఈ ఆమేన్ ఎక్కడ చేరిపోతుందోనని వణికిపోతోంది. అమ్మకు ఆ డ్రైవరు చావాలని లేదా? ఉంది. నిన్నటిదాకా ఉంది, అయిదు నిమిషాల కింద కూడా ఉంది. కానీ కన్నతల్లి చేత అనిపించి చంపడం అమ్మ వల్ల కాలేదు. నాకు అమ్మ గురించి అన్నీ తెలుసనుకునేదాన్ని. ఆ వసారాలో ఇద్దరు కొత్త ఆడవాళ్ళను చూస్తున్నట్టు చూశాను.

తర్వాత అమ్మ చెయ్యి తీసి, చీరకు తుడుచుకుని, ఆమె పక్కనే కింద కూర్చుంది. ఎవరూ పెద్దగా ఏడవలేదు.

"పిల్లలున్నారా వానికి?"

"అయిదు నెలల పాప."

అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "మంచినీళ్ళియ్యి పాపా" అంది నాతో. ఇచ్చాను. ఆమె తాగింది. అమ్మ కూడా తాగింది. గ్లాసు కింద పెట్టి, "ఇయ్యాల తారీకేంది?" అంది.

"పన్నెండు."

"పన్నెండుది చదువు. పేరేం చేర్చొద్దు."

పన్నెండో తారీకు వంతు యాభై ఆరు నుంచి అరవై. నేను నిదానంగా చదివాను. పొయ్యి మీద ఏమీ లేదు, బడి లేదు, పరుగు లేదు. యాభై ఆరులో ఒకచోట, మనిషి కన్నీళ్ళను దేవుడు ఒక తిత్తిలో పట్టి దాచి ఉంచుతాడన్న భావం వస్తుంది. నూట ముప్పైసార్లకు తక్కువ కాకుండా ఆ వచనం నా నోటి మీదుగా పోయింది, అంతకుముందు ఒక్కసారీ నా చెవికి తగల్లేదు. ఆ పొద్దున తగిలింది. చదువు ఆగిపోయింది. ఇద్దరూ నేను తేరుకునేదాకా ఆగారు. అయిపోయాక ఇద్దరూ ఆమేన్ అన్నారు, ఒకరి వెనక ఒకరు, చిన్న గొంతులతో.

ఆరాధన అంటే పాటలూ చప్పట్లూ అనుకునేదాన్ని, లేదంటే ఒక రకమైన నెమ్మది అనుకునేదాన్ని. ఆ పొద్దున నాకు నెమ్మది లేదు. ఇద్దరు తల్లులు, ఒకళ్ళ కొడుకు పోయాడు, ఒకళ్ళ కొడుకు పోయేట్టున్నాడు, ఒకళ్ళ అర్జీకి ఒకళ్ళ అర్జీ అడ్డం. రెండూ ఒకే దేవుడి దగ్గరికి పోతున్నాయి. ఆయన ఎవరిది వింటాడు? నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. కానీ ఇద్దరి కన్నీళ్ళనూ ఒకే తిత్తిలో పట్టేవాడు ఉంటే, ఆయన ముందు తల వంచక తప్పదని మొదటిసారి అనిపించింది. వంచాను.

అమ్మ ఆమెను అన్నం తినకుండా పోనివ్వలేదు. ఉన్నది పచ్చిమిరపకాయ పచ్చడి, మజ్జిగ. ఆమె తినలేనంటే, "నేను తింటే తింటావా?" అని తనూ కంచం ముందు కూర్చుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ ముద్దలు మింగారు. అమ్మ కంచంలో అన్నం అయిపోవడం నేను నెలన్నర తర్వాత చూశాను. నేను వంటింట్లోకి పోయి నిలబడ్డాను, వాళ్ళకు నా మొహం కనపడకుండా.

మార్కాపురం బస్సుకు ఆమెను ఎక్కించడానికి అమ్మ కూడా బయలుదేరింది. వద్దన్నా వినలేదు. స్టాపు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. కొడుకును క్షమించానని అమ్మ అనలేదు, ఆమె కూడా అడగలేదు. అడుగుతుందేమో, అమ్మ ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటూ వెనకే నడిచాను. బస్సు మలుపులో కనపడ్డాక అమ్మ అడిగింది.

"పాప పేరేంది?"

"పెట్టలేదక్కా. ఆ ఆదివారం చర్చిలో పెట్టాలనుకున్నాం. అంతలోకే ఇట్లయింది. ఆ తర్వాత ఎవురికీ నోరు రాలా."

బస్సు దగ్గరికి వచ్చింది. ఆమె బుట్ట చేతిలోకి తీసుకుంది. అమ్మ ఆ బుట్ట పిడి పట్టుకుని ఒక్క క్షణం ఆపింది.

"పెట్టండి. పెట్టి మా కూతురికి ఫోను చేసి చెప్పు. పేరు లేకుండా ప్రార్థన చెయ్యను నాకు చాత కాదు."

ఆమె కండక్టరు తొందరపెడుతుంటే నా నంబరు రాసుకుని ఎక్కేసింది. నేను మాత్రం ఆ దుమ్ములో అట్లాగే నిలబడిపోయాను. అమ్మ నాకంటే ముందే ఇంటి దారి పట్టింది.

పది రోజులకు ఫోను వచ్చింది. పేరు చెప్పింది. కొడుకు ముద్ద ముడుతున్నాడని కూడా చెప్పింది, అది నేను అమ్మకు చెబితే విని ఊరుకుంది. సెలవులు అయిపోయాయి, నేను మార్కాపురం వచ్చేశాను, మళ్ళీ పొద్దున అయిదున్నరకు ఫోనులో చదువు. ఇప్పుడు అయిదో తారీకు వస్తే ఇరవై మూడో కీర్తనలో ఆ పాప పేరు చేర్చి చదువుతాను. అమ్మే చేర్చమంది. పాప తండ్రి పేరు మాత్రం ఇప్పటివరకు అమ్మ ఏ కీర్తనలోనూ చేర్చనివ్వలేదు. నేను అడగను.

ఇరవై రెండో తారీకున నూట తొమ్మిది కూడా వస్తుంది. దాన్ని దాటెయ్యమని అమ్మ ఎప్పుడూ అనలేదు. చదువుతాను. వాడు అని ఉన్న చోట వాడు అనే చదువుతాను. అయిపోయాక ఆగుతాను. ఫోనులో అమ్మ ఊపిరి వినపడుతూ ఉంటుంది. ఎదురుచూస్తాను. చాలాసేపటికి, "ముందుకు పో పాపా" అంటుంది.